పురుగు పర్మినెంటు, సారు టెంపరరీ

బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగుది ఎంత నిశ్చింతైన కొలువో చూడండి. దోమకాటుతో ఒంట్లోకి దూరి లింఫు నాళాల్లో మకాం పెట్టిందంటే ఆరేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా దాన్ని కదిలించే నాథుడు లేడు. వాక్‌ఇన్ ఇంటర్వ్యూ లేదు, ఒరిజినల్ సర్టిఫికెట్ల వెరిఫికేషన్ లేదు, మార్చి 31 దగ్గరపడుతోందంటే గుండెదడ లేదు. లక్షల్లో పిల్లల్ని పెడుతుంది. దాని ప్రసూతి సెలవు మీద ఏ అకౌంట్స్ సెక్షనూ కొర్రీ రాయదు. ఆ పురుగును పట్టుకోవడానికి సర్కారు పెట్టుకున్న మనిషి సంగతి వేరు. ఆయనకు పదకొండు నెలలు, మహా అయితే ఏడాది. పురుగు సర్వీసులో సగం కాకముందే దాని వెంట పడ్డవాళ్లు ముగ్గురు మారిపోతారు.

పైగా ఈ వేట పగలు సాగేది కాదు. పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి బాగా పొద్దుపోయాక వేలికొసల రక్తంలోకి వస్తాయి. కనుక ల్యాబ్ టెక్నీషియన్ కూడా రాత్రే బయల్దేరాలి. ఊరు నిద్రకు పడే వేళ కుక్కల్ని అదిలించుకుంటూ, సెల్‌ఫోన్ వెలుతురులో ఒక్కో ఇంటి తలుపు కొట్టి, వేలు పొడిచి, చుక్క రక్తం స్లైడు మీద పూయాలి. ఉమ్మడి వరంగల్ పల్లెల్లో ఇలాంటి ఇంటిముందు ఏ ముసలమ్మైనా అడిగే మొదటి మాట ఇదే అయి ఉంటుంది: “పోయినసారి వచ్చిన పిలగాడేడి బిడ్డా? మంచిగ మాట్లాడేటోడు.” కాంట్రాక్టు అయిపోయిందవ్వా అంటే ఆమెకు అర్థం కాదు. మంచిగ పనిచేసేటోణ్ని ఎందుకు తీసేస్తరని మళ్లీ అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు ఢిల్లీలో కూడా లేదు.

లేదనడం తప్పేమో. ఉంది. ఏసీ గదుల్లో చాలాకాలంగా చలామణిలో ఉన్న జవాబే: “పర్మినెంటు చేస్తే పని చెయ్యరండీ. పరిశోధన అంటే ఆకలుండాలి. కుర్చీ ఖాయమైతే బుర్ర మొద్దుబారుతుంది.”

ఎంత లోతైన సిద్ధాంతం! దీన్ని కనిపెట్టినవారు స్వయంగా పర్మినెంటు. ఫైలు తయారుచేసిన సెక్షన్ ఆఫీసరు పర్మినెంటు, దాన్ని పైకి పంపిన డిప్యూటీ సెక్రటరీ పర్మినెంటు, ఆమోదించిన ఐఏఎస్ అధికారి అందరికంటే పర్మినెంటు. మొద్దుబారిన బుర్రలతో వాళ్లు ఈ మాట ఎలా రాయగలిగారన్నది విడిగా పరిశోధించాల్సిన అంశం. ప్రాజెక్టు మంజూరైతే చేయించవచ్చు, పదకొండు నెలలకు.

ఇంకో విచిత్రం చూడండి. 2019లో తెలంగాణ ప్రభుత్వం వైద్య కళాశాలల బోధకుల రిటైర్మెంట్ వయసును 58 నుంచి 65కు పెంచింది. అనుభవజ్ఞులు దొరకడం లేదు కాబట్టి ఉన్నవాళ్లను ఇంకో ఏడేళ్లు నిలుపుకోవాలన్నది అందులోని ఆలోచన. మంచిదే. అంటే పైమెట్టు మీద అనుభవం 65 ఏళ్లు వచ్చినా వదులుకోరానంత విలువైనది. కిందిమెట్టు మీద అదే అనుభవం ఏడాది తిరిగేసరికి పారేయాల్సిన సరుకు. ఒకే భవనంలో, ఒకే మెట్ల మీద.

పర్మినెంటు వాళ్లలో సోమరులు లేరా అని మీరు అడగొచ్చు. ఉన్నారు, కావలసినంత మంది ఉన్నారు. పదేళ్లుగా ఒక్క కాగితమూ రాయని ప్రొఫెసర్లు, సంతకం పెట్టి క్లినిక్‌కు పరుగెత్తేవాళ్లు మనకు తెలియనివాళ్లేం కాదు. అయితే ఆ ప్రొఫెసరుగారి బద్ధకానికి శిక్ష ఎప్పుడూ ఆయన ప్రాజెక్టులో పనిచేసే ల్యాబ్ టెక్నీషియన్‌కే ఎందుకు పడుతుందో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇక నోటిఫికేషన్ల సాహిత్యం. తెలుగులో వ్యంగ్యం చచ్చిపోయిందని బాధపడేవాళ్లు ఇవి చదవాలి. పోస్టు పూర్తిగా తాత్కాలికం. ప్రాజెక్టుతో పాటే ముగుస్తుంది. క్రమబద్ధీకరణ కోరే హక్కు ఉండదు. కారణం చెప్పకుండానే ఎప్పుడైనా తొలగించవచ్చు. ఇంటర్వ్యూకు టీఏ, డీఏ ఇవ్వబడవు. ఇన్ని ‘లేవు’ల తర్వాత కింద ఒక ‘ఉండాలి’ ఉంటుంది: ఇదే రంగంలో మూడేళ్ల అనుభవం ఉండాలి. ప్రతి ఒక్కరినీ పదకొండు నెలలకే ఇంటికి పంపితే ఆ మూడేళ్లు ఎక్కడ పండుతాయో నోటిఫికేషన్ రాసినవారికే తెలియాలి. ఎలాగోలా మూడు ప్రాజెక్టులు, నాలుగు ప్రాజెక్టులు మారి ఆ అనుభవం కూడగట్టుకునేసరికి వయోపరిమితి దాటిపోతుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ప్రాజెక్టుల్లో అట్టడుగు మెట్టు సాంకేతిక సహాయకుడికి నెలకు 18,000 రూపాయలు, దాని మీద ఇంటద్దె భత్యం. పీహెచ్‌డీ చేసే జేఆర్‌ఎఫ్‌లు (జూనియర్ రీసెర్చ్ ఫెలోలు) రోడ్డెక్కి అరిస్తే 2023 జనవరి నుంచి నెల ఫెలోషిప్ 31 వేలు 37 వేలయింది. అంకె పెరిగింది నిజమే. ఏ నెల డబ్బు ఏ నెలలో చేతికొస్తుందన్నది మాత్రం అప్పుడూ ఇప్పుడూ జాతకంలోనే చూసుకోవాలి.

బోదకాలు బాధితులకు మన రాష్ట్రంలో నెలకు 2,016 రూపాయల పింఛను ఉంది. వాళ్లకు అది దక్కాల్సిందే, ఇంకా ఎక్కువే దక్కాలి. నాకు తోచేదల్లా ఒకటే: ఈ మొత్తం వ్యవహారంలో రోగికి పింఛనుంది, ఫైలు కదిపే అధికారికి పింఛనుంది, మధ్యలో రాత్రిపూట స్లైడు పట్టుకు తిరిగేవాడికి లేదు.

వ్యాధికి మాత్రం తొందర లేదు. దాన్ని తరమాలంటే ఊరిలో కనీసం నూటికి 65 మంది చేత ఏటా మందు మింగించాలి, అలా అయిదేళ్లు తప్పకుండా సాగాలి. తర్వాత ఆరేడేళ్ల వయసు పిల్లల రక్తం పరీక్షించి వ్యాప్తి ఆగిందో లేదో తేల్చాలి. రెండేళ్లు ఆగి మళ్లీ, ఇంకో రెండేళ్లు ఆగి మళ్లీ. పదేళ్ల పని. దేశం పెట్టుకున్న గడువు 2027. సికిల్ సెల్ రక్తహీనత సంగతీ అంతే: 2023 జూలైలో మొదలైన జాతీయ మిషన్ లక్ష్యం 2047. భూపాలపల్లి అడవి అంచు గూడేల్లో ఇవాళ రక్తపరీక్ష చేయించుకున్న పసిపాప 2047 నాటికి తానే తల్లి అయి ఉంటుంది. ఆ పాప రికార్డును అప్పటిదాకా ఎవరు చూస్తారు? లెక్కేసి చూస్తే ఇరవైమందికి పైగా చేతులు మారాలి, ఒక్కొక్కరూ పాత రిజిస్టరు ఏ బీరువాలో ఉందో వెతుక్కుంటూ.

మన జిల్లాల్లో పని లేక ఇలా జరుగుతోందా అంటే అదీ కాదు. భూపాలపల్లిలో సింగరేణి గనులున్నాయి, పక్కనే చెల్పూరులో థర్మల్ కేంద్రముంది. బొగ్గు, బూడిద మధ్య బతికే మనుషుల ఊపిరితిత్తుల మీద ఇరవై ఏళ్ల అధ్యయనం చేయదగ్గ చోటు తెలంగాణలో ఇంతకంటే వేరే ఏముంటుంది? పైగా ఇప్పుడు వైద్య కళాశాలలకు కొదవ లేదు. మహబూబాబాద్‌కు 2022 నవంబరు 15న, జనగామకు, భూపాలపల్లికి 2023 సెప్టెంబరు 15న ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. హైదరాబాద్‌లో కూర్చుని ఒక్క మీట నొక్కితే 2022లో ఎనిమిది, మరుసటేడు తొమ్మిది ఒకేరోజు మొదలయ్యాయి. అంత వేగంగా మొదలైన వాటికి బోధకులు కూడా మీటతోనే పుడతారనుకున్నారేమో, 2025లో జాతీయ వైద్య కమిషన్ రాష్ట్రంలోని 34 ప్రభుత్వ కళాశాలల్లో 26 కళాశాలలకు కొరతల మీద నోటీసులిచ్చింది. కొరతకు మందుగా రాష్ట్రం వాడుతున్నది మనకు తెలిసిందే: కాంట్రాక్టు, అది అయిపోతే మళ్లీ కాంట్రాక్టు. కాంట్రాక్టు మీద వచ్చిన అసిస్టెంట్ ప్రొఫెసరు హైదరాబాద్‌లోనో హనుమకొండలోనో కాపురముండి రైలెక్కి వస్తాడు. జనగామలో ఇల్లు తీసుకుందామంటే, ఓనరుకు ఇవ్వాల్సిన అడ్వాన్సు ఆయన కాంట్రాక్టు కంటే ఎక్కువకాలం బతుకుతుంది.

ఆయన హాజరు మీద మాత్రం కమిషన్‌కు అపారమైన శ్రద్ధ. 2025 మే నుంచి ముఖం చూపించి, ఎక్కడున్నారో జీపీఎస్‌తో రుజువు చేసుకుని హాజరు వేయించుకోవాలి. మెషిన్ ఆ ముఖాన్ని రోజూ గుర్తుపడుతుంది. ట్రెజరీకే ఒక్కోసారి గుర్తుండదు.

ఇంతలో పరిశోధన కూడా చేయాలట. అసోసియేట్ ప్రొఫెసరు కావాలంటే రెండు పరిశోధన పత్రాలు, ప్రొఫెసరు కావాలంటే నాలుగు. ఉదయం ఓపీ, మధ్యాహ్నం పాఠం, సాయంత్రం కేస్‌షీట్లు. ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చేసరికి కాంట్రాక్టు చివరి నెల. రోగులను చేర్చుకోవడం మొదలుపెట్టేసరికి రెన్యువల్ ఫైలు హైదరాబాద్‌లో. ఈ పరిస్థితిలో పత్రం రావాలంటే డబ్బు తీసుకుని అచ్చువేసే జర్నళ్లే దిక్కు. అవి వారంలో అచ్చు వేస్తాయి. ఈ దేశంలో పరిశోధకుడికి నిజంగా సమయపాలనతో సేవచేస్తున్న సంస్థలు అవే కావడం విషాదం.

ఆడవాళ్లకు ఇంకో లెక్క ఉంది. గర్భం తొమ్మిది నెలలు, చట్టం ఇచ్చే ప్రసూతి సెలవు 26 వారాలు. రెండూ కలిపితే పదిహేను నెలలు. పదిహేనును పదకొండులో ఇమడ్చడం ఎలాగో ఏ గణిత శాస్త్రవేత్తా చెప్పలేదు; ఆఫీసులు చెప్పాయి: కాంట్రాక్టు అయిపోయింది కాబట్టి సెలవూ అయిపోయింది. ఢిల్లీలోని ఒక సర్కారు ఆస్పత్రిలో కాంట్రాక్టు మీదున్న పాథాలజీ డాక్టరు విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళితే, కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనం ఆగదని 2023 ఆగస్టులో తీర్పు వచ్చింది. కాన్పు ఖర్చుతో పాటు సుప్రీంకోర్టు ఖర్చు కూడా పక్కన పెట్టుకోవాలని దీని తాత్పర్యం.

కోర్టుల ప్రస్తావన వచ్చింది కనుక అదీ కానిద్దాం. 2006 ఏప్రిల్‌లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, దొడ్డిదారి నియామకాలను క్రమబద్ధీకరించడం కుదరదంది. మంజూరైన పోస్టుల్లో పదేళ్లకు పైగా కోర్టుల రక్షణ లేకుండానే పనిచేసినవారికి మాత్రం ఒక్కసారికి వెసులుబాటిచ్చింది. మన కార్యాలయాలు ఆ తీర్పులోంచి శ్రద్ధగా నేర్చుకున్నది ఒక్కటే: ఎవర్నీ పదేళ్లు కానివ్వకూడదు. నడుమ నడుమ ఒక్కరోజు ‘బ్రేక్’ ఇస్తే సర్వీసు తెగిపోతుంది. ఆ ఒక్కరోజూ ల్యాబ్‌లో కల్చర్ ప్లేట్లు ఎవరు చూసుకుంటారంటారా? ఆయనే. రిజిస్టరులో సంతకం పెట్టకుండా వచ్చి చూసుకుంటాడు. బాక్టీరియాకు బ్రేక్ ఇచ్చే ఉత్తర్వు ఇంకా రాలేదు మరి. 2024 డిసెంబరులో కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి ఊడ్చి, తోటపని చేసినవారి కేసులో అదే సుప్రీంకోర్టు, ఉమాదేవి తీర్పును ఇలా ఆయుధంగా వాడుకోవడాన్ని తప్పుపట్టింది. నిత్యం అవసరమైన పనికి తాత్కాలికమని పేరు పెట్టి హక్కులు ఎగ్గొట్టడం తగదంది. ఆ తీర్పును కూడా మనవాళ్లు శ్రద్ధగా చదువుతూనే ఉంటారు. ఈసారి ఏం నేర్చుకుంటారన్నదే భయం.

‘ఆకలి’ సిద్ధాంతకర్తలు చివరికి తీసే బ్రహ్మాస్త్రం యల్లాప్రగడ సుబ్బారావు గారు. భీమవరంలో 1895లో పుట్టిన మన సుబ్బారావు గారికి హార్వర్డ్ స్థిరమైన కొలువు ఇవ్వలేదు కదా, బోస్టన్ ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేసుకుని చదివారు కదా, అయినా అంతటివారు కాలేదా అంటారు. నిజమే. రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి, కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియేటిన్, ఏటీపీల మీద పని ఆ అభద్రతలోనే జరిగింది. అయితే వాళ్లు చదవడం అక్కడితో ఆపేస్తారు. 1940లో ఆయన హార్వర్డ్ గుమ్మం దిగి లెడర్లీ కంపెనీకి వెళ్లారు. అక్కడ పరిశోధన విభాగానికి అధిపతిగా, ల్యాబు, మనుషులు, జీతం అన్నీ చేతిలో ఉన్నప్పుడు ఏం జరిగింది? ఫోలిక్ యాసిడ్ తయారీ, దాని వెంట క్యాన్సర్ పిల్లలకు ఊపిరి పోసిన మందులు, ఆరియోమైసిన్. ఎనిమిదేళ్లలో ఇన్ని. 1948లో ఆయన కన్నుమూశారు కాబట్టి ఆగింది గాని, కుర్చీ ఖాయమై బుర్ర మొద్దుబారినందువల్ల కాదు.

ఆ ఎనిమిదేళ్ల జాబితాలో 1947 నాటి మందు ఇంకొకటుంది: డైఈథైల్ కార్బమజీన్. మనవాళ్లు డీఈసీ అంటారు. బోదకాలు పురుగు మీద ఇవాళ్టికీ ఊళ్లలో వేయించే మాత్ర అదే. భీమవరం మనిషికి న్యూయార్క్ పక్కన ఒక కంపెనీ భరోసా ఇస్తే పుట్టిన ఆ మాత్రను ఇక్కడ గడపగడపకూ తిరిగి, కళ్లెదుట మింగించి, వేలికి గుర్తు పెట్టేది ఆశా కార్యకర్త. ఆమెకు కాంట్రాక్టు కూడా లేదు. సర్కారు కాగితాల్లో ఆమె వాలంటీరు, చేసిన పనికి పారితోషికం. ‘పూర్తిగా తాత్కాలికం’ అని రాసే సిరా ఖర్చు కూడా అక్కడ మిగిలింది.