మల్లెకు గుండు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. సికింద్రాబాద్‌లో ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారి డాబా మీది తోటలో మాత్రం అది పోతూ పోతూ ఆయన చేతికి కత్తెర అందించి పోతుంది. ‘మిద్దెతోట’ అన్న మాటను హైదరాబాద్ జనానికి దగ్గర చేసినవారిలో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి ఒకరు. కత్తెర మోజు మాత్రం మాస్టారి సొంతం. ముప్పై ఏళ్లు ఎర్ర సిరాతో కొట్టేసిన చెయ్యి మరి, ఊరుకుంటుందా!

మొదట దొరికిపోయేది మల్లె. దానికి కొన్నాళ్లు నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మల్ని ఒకటిన్నర అడుగు ఎత్తుకు కోసెయ్యాలి. ఆపైన పశువుల ఎరువు వేసి, కుండీ నిండా నీళ్లు పెట్టాలి. మొగ్గలు పుట్టేది కొత్త చిగుళ్ల కొసల్లోనే. సంక్రాంతి దాటగానే చేయాల్సిన ఈ పని మాస్టారికి నోటికొచ్చు. చేతికే, ఏటా నెల ఆలస్యం.

“నా మల్లెచెట్టుకి గుండు కొట్టేశారా!” మేడ మెట్ల మీదే నిలబడిపోయారు ఇల్లాలు.

“మొక్కు కాదులేవే, మొగ్గ కోసం.”

ఆ చమత్కారానికి ఆ పూట కాఫీ రాలేదు.

అదే ఊపులో గులాబీ మీద పడ్డారు. మన మైదానాల్లో గులాబీని గట్టిగా కత్తిరించేది వానలు వెళ్లాక, అక్టోబరులో. ఇప్పుడైతే వాడిన పూలు తుంచి, ఎండుపుల్లలు తీస్తే చాలు. వసంతంలో కత్తిరించమనే వీడియోలు మంచు కురిసే దేశాలవి. అక్కడి గులాబీ చలికాలమంతా పడుకుని అప్పుడే లేస్తుంది. సికింద్రాబాద్ గులాబీ అసలు పడుకుంటేగా! నాలుగు మొగ్గలు నేలపాలయ్యాక మాస్టారికి ఈ తేడా తట్టింది.

మందారం కొసలకి పిండి అద్దినట్టుంటే అది పిండినల్లి. అది కార్చే తీపి జిగురు కోసం చీమలు దాన్ని పాడిగేదెలా కాపాడుకుంటాయి. అందుకే చీమల బారు కనిపిస్తే ఆకు తిప్పి చూడాలి. లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి, పాత టూత్‌బ్రష్ ముంచి కణుపుల దగ్గర రుద్ది, సాయంత్రం చల్లబడ్డాక మిగతాది పిచికారీ చెయ్యాలి. మాస్టారు పాతదనుకున్న బ్రష్ పాతది కాదని మర్నాడు పొద్దున సింకు దగ్గర తేలింది.

బెండ, గోరుచిక్కుడు, దోస గింజలు నాటడం గంట పని. గ్రీన్ నెట్ కట్టడం అరపూట. సరదా అంతా వేపాకుల దగ్గరే. ఈ రోజుల్లో వేపచెట్లు పండుటాకులు రాలుస్తాయి. వీధి చివర వాటిని ఊడ్చి తగలబెట్టేలోపే గోనెసంచితో మాస్టారు ప్రత్యక్షం. కుండీల్లో రెండంగుళాల మందాన పరిస్తే ఎండాకాలంలో తడి తొందరగా ఆరదు. ఎదురింటాయనకి ఆ సంగతి తెలీదు. “పెన్షన్ సరిపోవట్లేదా మాస్టారూ?” అని జాలిగా అడిగాడు.

మార్చి చివర్లో బోడి మల్లె పదకొండు మొగ్గలు వేసింది. ఇల్లాలు మాట్లాడకుండా మాలకట్టి తల్లో పెట్టుకున్నారు. ఆవిడ దాచేసిన కత్తెర మాత్రం ఇప్పటికీ బియ్యం డబ్బా అడుగునే ఉంది.