గర్భసంచికి స్టాప్‌వాచ్

ఆ ఫ్లెక్సీల సంగతి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర మెట్రో దిగి చిల్కానగర్ వైపు తిరిగితే స్తంభానికొకటి వేలాడుతున్నాయి. రోడ్డు మీద తప్పించుకున్నవాళ్ళను ఫోన్‌లో పట్టుకుంటున్నాయి. "కోత లేదు, కుట్టు లేదు, తొంభై సెకన్లలో అధిక రక్తస్రావానికి చెక్!" పక్కనే చేతులు కట్టుకుని నవ్వుతున్న తెల్లకోటు. నాలుగడుగులు వేస్తే పక్క ఆసుపత్రి వారి బెలూన్. నాచారం మలుపు తిరిగేసరికి మైక్రోవేవ్. ఎవరికి వారే ఆధునికం, ఎవరికి వారే సురక్షితం, అందరి దగ్గరా స్కాన్ ఉచితం. ఇన్నాళ్ళూ ఆడవాళ్ళు తలుపు వెనక గుసగుసగా చెప్పుకున్న ఎర్రబట్ట బాధకు ఇంత బహిరంగ గౌరవం దక్కుతుందని ఎవరనుకున్నారు!

యంత్రాలతో నాకు పేచీ లేదు. గర్భసంచి లోపలి పొరను కాల్చి రక్తస్రావం తగ్గించే పద్ధతి, తగిన మనిషికి, తెలిసిన చేతుల్లో పనికొచ్చేదే. నాకు ఒళ్ళు మండేది ఆ సెకన్ల దగ్గర.

ఈ సెకన్ల పందేనికి పాతికేళ్ళ చరిత్ర ఉంది. 1997లో థర్మాచాయిస్ అనే బెలూన్‌కు అమెరికాలో అనుమతి దొరికింది. బెలూన్‌ను గర్భసంచిలోకి పంపి, అందులోని ద్రవాన్ని 87 డిగ్రీల దాకా వేడెక్కించి ఎనిమిది నిమిషాలు ఉంచేవారు. అప్పట్లో ఎనిమిది నిమిషాలంటే అద్భుతం. 2001లో నోవాష్యూర్ వచ్చి, రేడియో తరంగాలతో సగటున తొంభై సెకన్లలో పని ముగిస్తానంది. అంతే, ఎనిమిది నిమిషాలవాడు ముసలివాడైపోయాడు. కాగిన ఉప్పునీటిని లోపల తిప్పే యంత్రం పది నిమిషాలు పడుతుందని తలదించుకోవాల్సి వచ్చింది. 2015లో మినర్వా రెండు నిమిషాల ప్లాస్మాతో దిగింది. మరొకరు చలితో గడ్డకట్టిస్తామంటూ రెండున్నర నిమిషాలన్నారు. వంద మీటర్ల పరుగుకు కూడా ఇంత పట్టుదలగా గడియారం పట్టుకోరు.

ఇంతకీ ఈ తొంభై సెకన్లు ఎక్కడ మొదలవుతాయి? యంత్రం లోపలికి వెళ్ళి, కరెంటు పారిన క్షణం నుంచి. అంతకుముందు మత్తు ఇచ్చిన సమయం లెక్కలో లేదు. గర్భసంచి కొలత తీసుకుని, ఎక్కడా చిల్లు లేదని చూసుకున్న సమయం లేదు. ఖాళీ కడుపుతో పొద్దున్నే వచ్చి టోకెన్ పట్టుకుని కూర్చున్న సమయం లేదు. ఇన్సూరెన్స్ అప్రూవల్ కోసం భర్త కౌంటర్ దగ్గర నిలబడ్డ సాయంత్రం లేదు. మూడేళ్ళుగా నెలకు పదిరోజులు గడ్డలు గడ్డలుగా పోతుంటే, నల్లచీర తప్ప కట్టుకోకుండా, నాచారం కంపెనీలో షిఫ్టు మధ్యలో బాత్రూమ్‌కు పరుగెత్తిన కాలం అసలే లేదు. అదంతా ఆమె సొంత ఖాతా. తొంభై సెకన్లు మాత్రం కంపెనీవి.

అసలు ఆ తొందర ఎవరికి? మత్తులో ఉన్న మనిషికి తొంభై సెకన్లయినా ఎనిమిది నిమిషాలయినా ఒకటే. ఆపరేషన్ థియేటర్ తొందరగా ఖాళీ కావడం ఎవరికి లాభమో, ఆ సెకన్లు వాళ్ళవి.

మా వదినతో పాటు ఒక నర్సింగ్‌హోమ్ బెంచీ మీద కూర్చుని ఈ వ్యాపారాన్ని దగ్గర్నుంచి చూశాను. టై కట్టుకున్న కుర్రాడు ట్యాబ్ తెరిచి డాక్టరమ్మకు బొమ్మ చూపిస్తున్నాడు. గులాబీ రంగు గర్భసంచి చుట్టూ సున్నా నుంచి అంకెలు పరుగెడుతున్నాయి. తొంభై వచ్చేసరికి గులాబీ తెల్లబడింది, టింగుమని గంట మోగింది. "మేడమ్, వాళ్ళది ఎనిమిది నిమిషాలు మేడమ్. మీకు రోజుకు ఎన్ని కేసులు అవుతయో మీరే లెక్కేసుకోండి మేడమ్." తలుపు ఓరగా తెరిచే ఉంది. లోపల మాటలు వరండాలో పేషెంట్లందరికీ వినిపిస్తున్నాయి. మా వదిన నావైపు తిరిగి, "కేసులంటే మనమేనా?" అంది. అవును వదినా, మనమే.

అతను బయటికొచ్చాడో లేదో, రెండో సంచీ లోపలికి వెళ్ళింది. ఇతనిది బెలూన్. "తొందరగా కాల్చేది లోతుగా కాలుస్తది మేడమ్, మనది మెల్లగ, సమంగ..." ఉప్పల్ చౌరస్తాలో బస్సు దిగిన ముసలమ్మ మూటను ముగ్గురు ఆటోవాళ్ళు మూడు వైపులా లాగుతారు చూడండి, ఎక్కడికి పోవాలమ్మా అని మాత్రం ఒక్కడూ అడగడు. అలా ఉంది వ్యవహారం.

పెద్దల కథ ఇంకా బాగుంటుంది. నోవాష్యూర్‌ను కనిపెట్టిన వారిలో ముఖ్యుడు చాబా ట్రూకాయ్. దాని పేటెంట్లు నోవాసెప్ట్ కంపెనీకి రాసిచ్చాడు. ఆ కంపెనీని 2004లో సైటిక్ కొన్నది, సైటిక్‌ను 2007లో హోలోజిక్ కొన్నది. ఆ తర్వాత ఆయన మినర్వా స్థాపించి పోటీ యంత్రం తెచ్చాడు. 2015లో హోలోజిక్ దావా వేసింది. తాను రాసిచ్చిన పేటెంటు చెల్లదని తానే అనవచ్చా అన్న ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయి, 2021 జూన్‌లో 5-4 తీర్పుగా తేలింది. రెండు యంత్రాల వెనకా ఒకే బుర్ర. మన బెంచీ మీద కూర్చున్న ఆడమనిషికి మాత్రం అవి భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడాగా చూపిస్తారు.

తేడా ఎంతో కొలిచినవాళ్ళున్నారు. నెదర్లాండ్స్‌లో 126 మంది ఆడవాళ్ళను రెండు గుంపులు చేసి, కొందరికి రేడియో తరంగాల యంత్రం, కొందరికి బెలూన్ వాడారు. ఏడాదికి ముట్టు పూర్తిగా ఆగినవాళ్ళు మొదటి గుంపులో 43 శాతం, రెండో గుంపులో 8 శాతం. బ్రోచర్‌కు ఇంతకన్నా ఏం కావాలి? పదేళ్ళ తర్వాత అదే ఆడవాళ్ళను అడిగితే 73, 66. తేడా కరిగిపోయింది. ఏ కుర్రాడి ట్యాబ్‌లోనూ ఆ పదేళ్ళ పేజీ నేను చూడలేదు.

ఇక నవ్వు చాలు.

మన తెలుగు నేల మీద ఈ యంత్రాలు ఎవరి మీద పనిచేయబోతున్నాయో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.3 శాతం. తెలంగాణలో 8.2, ఆంధ్రప్రదేశ్‌లో 8.7. దేశంలో అందరికన్నా ముందున్నాం, ఈ ఒక్క పందెంలో. ఇద్దరు పిల్లలు పుట్టగానే ట్యూబులు కత్తిరించి, ముప్ఫై అయిదుకే గర్భసంచి తీసేసి, వీలైతే అండాశయాలు కూడా లాగేసి, నలభైకే ఎముకలు గుల్లబారిన మనిషిని పొలానికో ఫ్యాక్టరీకో పంపుతున్నాం. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఈ కోతల మీద ఎంత రచ్చ జరిగిందో, చివరికి ప్రభుత్వమే కళ్ళెం వేయాల్సి వచ్చిందని మెదక్ పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు.

ఈ నేల మీదికి ఇప్పుడు "గర్భసంచి తీయనక్కర్లేదు, లోపల కాలిస్తే చాలు" అంటూ వచ్చారు. సంతోషమే. కానీ ఎవరికి కాలుస్తారు? అమెరికాలో కైజర్ ఆసుపత్రుల్లో ఇలా కాల్పించుకున్న 3,681 మంది లెక్క 2008లో అచ్చయింది. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి నూటికి 26 మందికి గర్భసంచి ఎలాగూ తీయాల్సి వస్తుందని అంచనా కట్టారు. నలభై లోపువాళ్ళలో అది నూటికి నలభై దాటింది. అంటే మన దగ్గర ఏ వయసువాళ్ళు ఈ గుమ్మం తొక్కుతున్నారో, సరిగ్గా ఆ వయసులోనే ఇది ఎక్కువగా విఫలమవుతుంది. ముప్ఫై అయిదేళ్ళకు ఒక బిల్లు, నలభై దాటాక రెండో బిల్లు. ఆసుపత్రికి ఇంతకన్నా నమ్మకమైన ఖాతాదారు దొరుకుతుందా?

ఇంకొకటి. తెలంగాణలో పెళ్ళయిన ఆడవాళ్ళలో పదిమందికి ఆరుగురు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. ట్యూబులు మూసేశాక లోపలి పొర కాలిస్తే, కొందరిలో రక్తం మూలల్లో చిక్కుకుని ప్రతి నెలా పొత్తికడుపులో పోటు మొదలవుతుంది. దీనికి వైద్యశాస్త్రంలో పేరు పెట్టి మూడు దశాబ్దాలైంది. ఫ్లెక్సీ మీద దానికి చోటు దొరకలేదు, పాపం.

"వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అని భయపెట్టేవాళ్ళ గురించి రాస్తే నా కలానికే మైల. రోబో గురించి ఒక్క మాట: 2013లో 2,64,758 మంది ఆడవాళ్ళ లెక్క తీస్తే, రోబోతో గర్భసంచి తీసినా మామూలు లాప్రోస్కోపీతో తీసినా ఫలితం ఇంచుమించు ఒకటే, బిల్లు మాత్రం రెండువేల డాలర్లకు పైగా ఎక్కువ. ఇక డాక్టర్లకు కానుకలూ విదేశీ ప్రయాణాలూ కూడదంటూ పరికరాల కంపెనీలకు కేంద్రం 2024లో నియమావళి పెట్టింది. ఆ కాగితాన్ని ఏ డాక్టరు గోడకు అంటించారో చూడాలని ఉంది.

ట్యాబ్ కుర్రాళ్ళెవరూ మోయని సరుకు ఒకటుంది. ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్ర. అరవై ఏళ్ళ కిందట జపాన్‌లో ఉతాకో ఒకామోతో అనే డాక్టరమ్మ భర్తతో కలిసి కనిపెట్టింది. ముట్టు రోజుల్లో వేసుకుంటే చాలామందిలో రక్తస్రావం సగానికి దగ్గరగా తగ్గుతుంది. చిల్కానగర్‌లో ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది, డాక్టరు చీటీ ఉంటే చాలు. దాని తర్వాత హార్మోన్ కాపర్‌టీ లాంటిది ఉంది, ప్రభుత్వ రంగంలోని హెచ్.ఎల్.ఎల్. కూడా ఒకటి తయారుచేస్తుంది. ఫిన్లాండ్‌లో 236 మందిని అయిదేళ్ళు గమనిస్తే, అది పెట్టించుకున్నవాళ్ళలో సగానికి పైగా గర్భసంచి నిలబెట్టుకున్నారు. ఇవి చూసి, థైరాయిడ్ చూసి, రక్తం ఎంతుందో చూసి, పొర ముక్క తీసి పరీక్షించాక కదా కాల్చడమో కోయడమో! తెలంగాణ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనులే. వాళ్ళకు మొదట ఇవ్వాల్సింది ఐరన్ మాత్ర. దాని మీద కమీషన్ ఏం మిగులుతుందిలెండి.

కాబట్టి అమ్మా, మీకు ఎవరైనా సెకన్లు చెబితే సంవత్సరాలు అడగండి. అయిదేళ్ళకు నా వయసువాళ్ళలో ఎంతమంది తిరిగొచ్చారు? నాకు ట్యూబులు కట్టేశారు, పర్వాలేదా? మాత్ర ఎందుకు రాయలేదు? ఒక్కసారికే వాడాలని రాసి ఉన్న ఆ పరికరం పెట్టెను నా ముందే విప్పుతారా? జవాబు చెప్పడానికి విసుక్కునే చోట గౌను మార్చుకోకండి, లేచి వచ్చేయండి.

మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అధికారులకూ ఒక మనవి. అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులో పెట్టాలని 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీ ఉండాలన్నది అందులోని మాటే. ఏ ఆసుపత్రిలో నలభై దాటని ఎంతమందికి గర్భసంచి తీశారో, ఎంతమందికి లోపల కాల్చారో, అంతకుముందు ఎంతమందికి మందు ఇచ్చి చూశారో నెలనెలా లెక్క తెప్పించి, ఆ ఆసుపత్రి గుమ్మం ముందే రాయించండి.