మూత మీది రెండు మాటలు

నేను సినిమా బాక్సును. రేకు పెట్టెను. రెండు పక్కలా పిడులు, మూతకు గడియ. ఇప్పుడు మహారాష్ట్ర నాందేడ్‌లోని ఇత్వారాలో, ఒక భంగార్ దుకాణంలో, అంటే పాత ఇనుము కొట్లో, నట్లు, బోల్టులు మోస్తున్నాను. మూత మీది తెల్ల రంగు అక్షరాలు సగం చెరిగిపోయాయి. ఈ కొట్లో తెలుగు చదవగలిగింది తాత ఒక్కడే. ధర్మాబాద్ వైపు మనిషి. కూడబలుక్కుని "మా భూమి" అని చదివాడు.

1980లో ఆ సినిమా రీళ్లు నా కడుపులో ఉండేవి. వెయ్యి అడుగుల రీలు తెర మీద పదకొండు నిమిషాలు నడుస్తుంది. రెండున్నర గంటల బొమ్మకు ఎన్ని రీళ్లో, ఎంత బరువో బస్సు టాపు మీదికి నన్ను ఎక్కించిన కూలీలకు తెలుసు. ఊళ్లో జనం ముందు అడిగేది హీరోను కాదు, "బాక్సు వచ్చిందా?" అని. ఆ మాట వింటే ఈ రేకుకు ప్రాణం వచ్చేది.

ఆ రీళ్ల వెనక అప్పటి మెదక్ జిల్లా ప్రజ్ఞాపూర్ మనిషి బి. నర్సింగరావు ఉన్నాడు. బొమ్మలు గీసే చెయ్యి. జి. రవీంద్రనాథ్‌తో కలిసి నిర్మాత అయ్యాడు, స్క్రీన్‌ప్లేలోనూ చెయ్యి వేశాడు. నిజాం కాలపు ఆ కథకు మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల. దర్శకుడు గౌతమ్ ఘోష్‌ది బెంగాల్, అది ఆయన మొదటి కథాచిత్రం. పాటతో తెర మీదికి వచ్చిన గద్దర్‌ను జనం మరిచిపోలేదు. హైదరాబాదులో ఏడాది ఆడింది. పెద్ద తారలు లేని నలుపు తెలుపు బొమ్మ అది!

ఆట అయిపోయాక నేను ఖాళీ. అప్పుడు తెలిసింది నాకు, సొంతంగా సినిమా తీసేవాడి బతుకు ఎక్కువగా ఈ ఖాళీలోనే గడుస్తుందని. నర్సింగరావు 'రంగుల కల' 1983లో వచ్చింది. తనే రాసి, తనే తీసి, చిత్రకారుడి వేషం తనే కట్టాడు. 'దాసి' వచ్చేసరికి 1988. దొర గడీలో నలిగిపోయిన ఒక ఆడమనిషి కథ. ఉత్తమ తెలుగు చిత్రంతో పాటు అర్చన నటనకు, అపూర్వ కిశోర్ బీర్ కెమెరాకు, తోట వైకుంఠం కళకు, సుదర్శన్ దుస్తులకు, మొత్తం అయిదు జాతీయ అవార్డులు. అందరూ ఆ అయిదింటినే లెక్కపెడతారు. నేను మధ్యలోని ఆ అయిదేళ్లను లెక్కపెడతాను. రాసింది కొట్టేసి మళ్లీ రాయడం, డబ్బు కోసం గడపలు తొక్కడం, పోగైన మనుషులు చెదిరిపోకుండా చూసుకోవడం, ఇవేవీ ఏ రీలులోనూ ఉండవు.

నా ప్రింటు ఏమైందని అడగకండి. నలుపు తెలుపు ఫిలింలో వెండి ఉంటుంది. పాత ప్రింట్లను ఆ వెండి కోసం కరిగించేవాళ్లు. నాలో ఉన్న రీళ్లూ అలాగే పోయాయి. వెండి కంటే విలువైనది అందులో ఉందని చెప్పడానికి నాకు నోరు లేదు. తర్వాత డిజిటల్ వచ్చింది, బాక్సులతో పని లేకపోయింది. తూకానికి అమ్ముడై, చేతులు మారి, గోదావరి ఒడ్డున ఈ ఊరికి చేరాను.

మొన్న మనవడు అడిగాడు: "గా భూమి ఎవరిది తాతా?"

"మనదే బిడ్డా. గప్పుడు నాందేడ్, మెదక్ అన్నీ నిజాం కిందనే. మా నాయనమ్మ దొర గడీల వెట్టి చేసింది. యాభై ఆరుల మనం బొంబాయి దిక్కు వడ్డం."

"నువ్వు సిన్మా చూసినవా?"

"లేదు. మిల్లుల డ్యూటీ ఉండె."

పిల్లవాడు ఫోనులో వెతికి, దాన్ని నా మూత మీదే బోల్టుల డబ్బాకు ఆనించి నిలబెట్టాడు. దుమ్ము రేగే దారి, తలపాగాలు, ఎద్దులు. ఒకప్పుడు అంత బరువు మోసిన నాకు దాని బరువే తెలియలేదు. గిరాకీ వచ్చి ఇనుప పైపు ధర అడిగాడు. పిల్లవాడు ఫోను మీదికి చెయ్యి చాచాడు.

"ఆపకు బిడ్డా," అన్నాడు తాత. "జరసేపు ఆగమను."