కాలికి బలపం, ఒళ్లో ల్యాప్‌టాప్

బాలీలో రాత్రి పది. చాంగూ తీరంలో సూర్యుడు ఎప్పుడో అస్తమించాడు. ఆ అస్తమయాన్ని ఫోన్లో పట్టి, కొబ్బరిబొండం పక్కన ల్యాప్‌టాప్ పెట్టి, ‘ఇదే నా ఆఫీసు’ అని స్టేటస్ పెట్టిన మనవాడు ఇప్పుడు గది తలుపులు బిగించుకున్నాడు. చప్పుడవుతోందని ఏసీ ఆపేసి, చెమటలు కక్కుతూ ‘గుడ్ మార్నింగ్’ అంటున్నాడు. అవతల న్యూయార్క్‌లో క్లయింటుకు ఉదయం పది. వేసవిలో ఈ రెండు చోట్లకూ తేడా సరిగ్గా 12 గంటలు. గడియారం ముళ్లు తిప్పే పని లేదు, రాత్రిని పగలనుకుంటే చాలు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేటప్పుడూ ఇలాగే నైట్ షిఫ్టు. అది భరించలేకే రాజీనామా చేశాడు.

ఈ బతుకుకు పేరు పెట్టి పుస్తకం రాసింది త్సుగియో మాకిమోటో, డేవిడ్ మేనర్స్. 1997లో వచ్చిన ఆ పుస్తకం పేరు ‘డిజిటల్ నోమాడ్’. పదేళ్ల తర్వాత, 2007లో, వారానికి నాలుగు గంటల పని చాలని టిమ్ ఫెరిస్ ఇంకో పుస్తకం రాశాడు. మనవాడు ఈ రెండోదాని అట్ట మాత్రం చదివాడు. మనవాడు చేసే పనికున్న ‘ఫ్రీలాన్స్’ అనే పేరు అంతకన్నా పాతది. వాల్టర్ స్కాట్ 1819లో అచ్చువేసిన ‘ఐవాన్‌హో’ నవలలో ఆ మాటకు అర్థం కిరాయి బల్లెగాడు. ఏ దొర కూలి ఇస్తే ఆ దొర తరఫున పోట్లాడతాడు. అంతేగానీ, తీరా యుద్ధం గెలిచాక ‘ఆ కోట రంగు కాస్త మార్చి చూపిస్తారా’ అని దొర అడిగినట్టు స్కాట్ రాయలేదు.

బల్లేల బజారు ఇప్పుడు ఇంటర్నెట్లో ఉంది. ఎలాన్స్, ఓడెస్క్ అనే రెండు కంపెనీలు కలిసిపోయి 2015లో అప్‌వర్క్‌గా పేరు మార్చుకున్నాయి. 2023 దాకా అక్కడ ఒక్కో క్లయింటు ఇచ్చే మొదటి 500 డాలర్ల మీద 20 శాతం కోత. ఆ ఏడాది దాన్ని అందరికీ 10 శాతం చేశారు. కూలిలో కోత ఎక్కడైనా ఉండేదే. అక్కడి వింతేమిటంటే, ‘పని ఇప్పించండి’ అని అడగడానికీ డబ్బు కట్టాలి. ‘కనెక్ట్’ అనే టోకెన్లు, 2019లో పెట్టిన ధర ఒక్కోటి 15 సెంట్లు. అడుక్కోవడానికి టికెట్టు పెట్టాలన్న ఆలోచన మన గుళ్ల దగ్గర ఇంకా ఎవరికీ తట్టలేదు.

మనవాడు పనిమంతుడు. రెండేళ్లకు చేతినిండా పని, ఒకే శుక్రవారానికి మూడు గడువులు. అప్పుడు ఏజెన్సీ అయ్యాడు. ఫ్రీలాన్సరు ఏజెన్సీగా ఎదగడంలో మొదటి మెట్టు వ్యాకరణం: వెబ్‌సైటులో ‘నేను’ కొట్టేసి ‘మేము’ అని రాయాలి. రెండో మెట్టు, ఆ ‘మేము’లోకి మనుషుల్ని తేవాలి. రాజమండ్రిలో డిజైన్ చేసే అమ్మాయి, హనుమకొండలో కోడ్ రాసే కుర్రాడు, గుంటూరులో కంటెంట్ రాసే ఒక మాజీ ఇంగ్లీషు లెక్చరరు దొరికారు.

మూడో మెట్టు లెక్కలు. ఇక్కడే చాలామంది జారతారు. వెయ్యి డాలర్ల పని అనుకుందాం. ఒంటరిగా చేసినన్నాళ్లూ కమిషన్ పోను 900 చేతికొచ్చేవి. ఇప్పుడందులో 550 జట్టుకు పోతుంది. సాఫ్ట్‌వేర్ చందాలకు, బాగా రాక మళ్లీ చేయించిన పనికి ఇంకో వంద. మిగిలేది 250. పాత 900 మళ్లీ కళ్లజూడాలంటే దాదాపు నాలుగు ప్రాజెక్టులు తేవాలి. అవి తేవడానికి మీటింగులు. మీటింగులున్నాయి కాబట్టి చేతికొచ్చిన డిజైన్ పని చేయడానికి తీరిక లేదు. ఇలా మనవాడు తనకు బాగా వచ్చిన ఒకే ఒక్క పనిని మానేసి, అస్సలు రాని పదకొండు పనులు మొదలుపెట్టాడు. దీన్నే ‘స్కేలింగ్’ అంటారు.

పాలమూరు వలసలు ఎరిగినవాళ్లకు ఈ కొలువు కొత్తకాదు. అక్కడ దీని పేరు గుంపు మేస్త్రీ. కాంట్రాక్టరు దగ్గర అడ్వాన్సు పట్టుకుని, ఊళ్లో కూలీలను కూడగట్టి, ఎక్కడో డ్యాము కట్టేచోటికి తీసుకెళ్లేవాడు. తేడా ఒక్కటే. ఆ మేస్త్రీ కూలీలతో పాటు లారీ ఎక్కేవాడు. ఈ మేస్త్రీ ఒక్కడే విమానం ఎక్కుతాడు, కూలీలు ఊళ్లోనే ఉంటారు.

ఆఫీసు లేకుండా కంపెనీ నడవదని కాదు. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ నడిపే ఆటోమాటిక్ 2005 నుంచి ఎవరి ఊళ్లో వాళ్లుండే పద్ధతిలోనే నడుస్తోంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పెట్టిన ఆఫీసుకు వచ్చేవాళ్లు లేక 2017లో దాన్ని వదిలించుకోవాలని నిర్ణయించింది. ప్రధాన కార్యాలయమే లేని గిట్‌ల్యాబ్ 2021 అక్టోబరులో నాస్‌డాక్ గడప తొక్కింది. వీళ్ల రహస్యం సముద్రంలో లేదు, రాతలో ఉంది. ఏ పని ఎవరు ఎలా చేయాలో గిట్‌ల్యాబ్ వేల పేజీల హ్యాండ్‌బుక్‌గా రాసి లోకమంతా చదువుకునేలా పెట్టింది. పక్కవాణ్ని నిద్రలేపి అడగాల్సిన అవసరం రాకూడదన్నది సూత్రం.

మనవాడికీ ఒక హ్యాండ్‌బుక్ ఉంది, వాట్సాప్‌లో. 412 వాయిస్ మెసేజీలు. సగం వాటిలో వెనక అలల చప్పుడు, మిగతా సగంలో స్కూటరు చప్పుడు.

ఇక చిరునామా సంగతి. ‘ఏ ఊరికీ కట్టుబడని కంపెనీ’ అని వెబ్‌సైటు నుదుటనే రాసుకున్నాడు. కానీ సేవల వ్యాపారం ఏటా 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. విదేశీ క్లయింటుకు చేసేది ఎగుమతి కాబట్టి పన్ను సున్నా. ఆ సున్నా కట్టడానికీ ఏటా ఎల్‌యూటీ అనే హామీపత్రం ఇచ్చుకోవాలి. నమోదుకు వ్యాపారస్థలం చూపించాలి, దానికి రుజువు కావాలి. సముద్రతీరాన్ని పోర్టల్ ఒప్పుకోలేదు. చివరికి తెనాలిలో నాన్నగారి పేరిట ఉన్న కరెంటు బిల్లు, ‘మా అబ్బాయి వాడుకోవడానికి నాకు అభ్యంతరం లేదు’ అన్న సమ్మతిపత్రం జతచేశాక ప్రపంచవ్యాప్త సంస్థకు ప్రాణం వచ్చింది. జీఎస్టీ నంబరు బోర్డు మీద కనిపించాలని నిబంధన. అందుకని తులసికోట వెనక గోడకు ‘గ్లోబల్’ అన్న బోర్డు వేలాడుతోంది. బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్ కూడా నాన్నగారి దగ్గరే. ఆయన కళ్లజోడు వెతుక్కునేలోగా గడువు తీరిపోతుంది. ‘ఇంకోసారి పంపించమను నాన్నా’ అంటాడాయన, బ్యాంకువాళ్లు పక్కింట్లో ఉన్నట్టు.

దేశాలు మాత్రం చేతులు చాచి పిలుస్తున్నాయి, జేబు చూశాక. బార్బడోస్ 2020లో ఇలాంటివాళ్ల కోసం ఏడాది వీసా తెచ్చింది: ఆదాయం 50 వేల డాలర్లుండాలి, ఫీజు 2 వేల డాలర్లు. థాయిలాండ్ 2024లో అయిదేళ్ల వీసా ఇచ్చింది: బ్యాంకులో 5 లక్షల బాట్లు చూపించాలి, ఒక విడతకు 180 రోజులు. రోజులు లెక్కపెట్టే పని మన ఆదాయపు పన్ను శాఖకూ ఉంది. ఏడాదిలో 182 రోజులు ఇక్కడుంటే నివాసి. అదీ తప్పించుకుని దేశాలు పట్టి తిరిగేవాళ్ల కోసం 2020లో ఇంకో వల పన్నారు. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటి, మరే దేశంలోనూ పన్ను బాధ్యత లేని పౌరుడు ఎక్కడ తిరుగుతున్నా ఇక్కడ నివాసి కిందే లెక్క.

తెలుగువాళ్లకు ఈ సంచారం కొత్త కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరుగా ఉన్న ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. వెంట దాదాపు వందమంది పరివారం, పల్లకీ మోసే బోయీలు. దారిపొడవునా మిత్రుడికి రాసిన సంగతులే ‘కాశీయాత్ర చరిత్ర’ అయ్యాయి. ఆయన కోర్టు పని కోర్టులో వదిలి వెళ్లాడు. పల్లకీ మోసేవాళ్లున్నారని దాచలేదు, వాళ్ల బాగోగులూ పుస్తకంలో రాశాడు. మనవాడి ఫొటోల్లో కొబ్బరిబొండం ఉంటుంది, బోయీలు కనపడరు.

మొన్న రాజమండ్రి అమ్మాయి మెసేజ్ పెట్టింది. ‘అన్నా, ఇంట్లోవాళ్లమంతా అరకు వెళ్తున్నాం, నాలుగు రోజులు. ల్యాప్‌టాప్ తీసుకెళ్తా, పని ఆగదు.’

సనూర్ రేవులో నుసా పెనిడా దీవికి పడవ ఎక్కుతూ మనవాడు చదివాడు. ఒక కాలు పడవలో, ఒక కాలు నీళ్లలో పెట్టి, ఒంటిచేత్తో జవాబు కొట్టాడు.

‘అక్కడ సిగ్నల్ సరిగా ఉండదమ్మా. ఈ నెలకి ఇంటి దగ్గరే ఉండు.’