కొత్తాకు రాయుడు

జపానులో చెర్రీపూలు రాలడం మొదలుకాగానే జనం రెండు వర్గాలైపోతారు. ఎక్కువమంది అయ్యో పూలు పోయాయే అని నిట్టూర్చి ఎవరి పనిలో వాళ్ళు పడతారు. కొద్దిమంది మాత్రం సరిగ్గా అప్పుడే హుషారెక్కుతారు. వీళ్ళకి పూలతో పనిలేదు, ఆకుతో పని. ఆ ఏడాది తొలి చిగురుతో చేసిన గ్రీన్ టీని అక్కడ షించా అంటారు. దానికోసం పదినెలలు ఎదురుచూసి, రెండు నెలలు దాని గురించి మాట్లాడి, మధ్యలో వీలు చిక్కితే తాగే ఈ మనుషులకి నేను పెట్టుకున్న పేరు కొత్తాకు రాయుడు.

ఈ రకం జపానంతటా ఉంటుంది. నాకు దగ్గరగా తెలిసిన రాయుడు మాత్రం టోక్యోలో, తెలుగువాళ్ళు బాగా కనిపించే నిషి-కసాయ్‌లో, మా అపార్టుమెంటులోనే ఉంటాడు. వయసు అరవై దాటింది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆఫీసులో ఏ టీ పోస్తే ఆ టీ తాగాడు. రిటైరైన మర్నాడు నాలుక మేలుకుంది. అప్పట్నుంచీ అది ఆయన్నీ పడుకోనివ్వదు, ఇరుగుపొరుగునీ పడుకోనివ్వదు.

రాయుడి ఏడాది మార్చి చివర్లో మొదలవుతుంది. దేశం దక్షిణాన తనెగాషిమా దీవిలో అప్పటికే చిగురు కోస్తుంటారు. ఏప్రిల్లో కగోషిమా, ఆ తర్వాత యమె, షిజువోకా, మే వచ్చేసరికి ఉజి, సయామా, అన్నింటికన్నా ఆఖరున ఉత్తరాన నీగాతా ప్రాంతంలోని మురకామి. చిగురు దక్షిణం నుంచి ఉత్తరానికి నడుచుకుంటూ వస్తుంది. రాయుడు ఫ్రిజ్ తలుపుకి దేశపటం అంటించి, ఏ ఊరి ఆకు చేతికందితే ఆ ఊరి మీద ఎర్రచుక్క పెడతాడు. ఆకుకోసం ఆయన కాలు మాత్రం గుమ్మం దాటదు. తిరిగేదంతా కొరియర్ కుర్రాడు. ఏప్రిల్, మే నెలల్లో ఆ కుర్రాడు ఇంటి మనిషైపోతాడు.

"ఏవండీ, ఫ్రిజ్‌లో కూరలు పెట్టుకోడానికి కాస్త చోటు ఉందా?" అంటుంది భార్య.

"కూరలు పాడైతే రేపు కొనుక్కోవచ్చు. షించా పాడైతే ఏడాది ఆగాలి."

లెక్క తప్పని చెప్పలేం. అందుకే ఆవిడ ఏ పూట కూరలు ఆ పూటే తెచ్చుకుంటుంది.

అన్ని రోజుల్లోకీ రాయుడికి పెద్దపండగ ఎనభై ఎనిమిదో రాత్రి. వాళ్ళ పాత పంచాంగంలో వసంతం మొదలయ్యే రోజు, అంటే ఫిబ్రవరి 4 ప్రాంతం, అక్కణ్ణుంచి లెక్కపెడితే 88వ రోజు మే 1నో 2నో పడుతుంది. ఆరోజు కోసిన ఆకు తాగితే ఆయుష్షు పెరుగుతుందని నమ్మకం. రాయుడు ఆరోజు ఆకు మూడు ఊళ్ళనుంచి తెప్పిస్తాడు. "మూడూ తాగితే ఆయుష్షు మూడింతలు పెరుగుతుందా?" అని నేనడిగితే, "పెరిగినా దండగే, ఫ్రిజ్ ఇంతే కదా" అంది వాళ్ళావిడ.

ఆ తేదీ దాటితే ఇక మంచు గండం తీరినట్టే అని కూడా అక్కడి రైతుల లెక్క. అందాకా రాయుడికి కంటిమీద కునుకుండదు. లేత చిగురు మీద ఒక్క రాత్రి పొడిమంచు పట్టిందంటే ఆ పంట మాడిపోయినట్టే. అందుకే టీతోటల్లో ఎత్తయిన స్తంభాలమీద ఫ్యాన్లు బిగిస్తారు. గాలిలేని చలిరాత్రి నేలమీద చల్లగాలి పేరుకుంటుంది, దానిపైన కొంచెం వెచ్చని గాలి నిలుస్తుంది. ఆ వెచ్చని గాలిని ఫ్యాన్లు కిందికి తోస్తాయి. టోక్యోలో వాన పడుతుందో లేదో చూసుకోకుండా గొడుగు లేకుండా బయల్దేరి తడిసొచ్చే ఈ మనిషికి, షిజువోకా కొండల్లో తెల్లవారుజాము ఉష్ణోగ్రత మాత్రం కంఠతా ఉంటుంది.

ఏప్రిల్లో షిజువోకా టీ మార్కెట్లో తొలి బేరాలు జరుగుతాయి. అమ్మేవాడూ కొనేవాడూ పూసలపలక మీద ధర కుదుర్చుకుని, కుదిరిందన్న గుర్తుగా చుట్టూ ఉన్నవాళ్ళతో కలిసి చప్పట్లు చరుస్తారు. దీన్ని టీవీలో చూపిస్తారు. రాయుడు సోఫాలో నిటారుగా కూర్చుని, తనే కొన్నట్టు వాళ్ళతోపాటు చప్పట్లు చరుస్తాడు. వంటింట్లోంచి భార్య, "ఎంతకి ఇచ్చారేంటి?" అంటుంది.

రాయుడి దగ్గర ఉపన్యాసాలు కొన్ని సిద్ధంగా ఉంటాయి. మొదటిది తియ్యదనం గురించి. టీమొక్క వేళ్ళలో థియానిన్ అనే పదార్థం తయారవుతుంది. చలికాలమంతా మొక్క కూడబెట్టుకున్నదంతా వసంతంలో తొలి చిగురులోకి ఎక్కుతుంది. ఆకుమీద ఎండ పడేకొద్దీ ఆ థియానిన్ వగరు పుట్టించే కాటెకిన్లుగా మారిపోతుంది. అందుకే తొలి కోతలో కమ్మదనం ఎక్కువ, వేసవి కోతలో వగరెక్కువ. గ్యొకురో అనే ఖరీదైన రకానికి కోతకు ముందు ఇరవై రోజులపాటు తోటకి నీడ కప్పేది కూడా ఇందుకే. ఇంతవరకూ చక్కగా అర్థమవుతుంది. ఇది ముగియగానే రెండోది ఎత్తుకుంటాడు.

రెండోది ఆకుని ఆవిరిపట్టడం గురించి. కోసిన ఆకు నల్లబడకుండా వెంటనే ఆవిరిపట్టి, పచ్చగా ఉండగానే నలిపి ఆరబెట్టే పద్ధతిని 1738లో ఉజి దగ్గరి పల్లెలో నగతాని సోఎన్ అనే ఆయన కుదిర్చాడు. మామూలుగా అరనిమిషం పైచిలుకు ఆవిరి చాలు. నిమిషం పైన పడితే ఆకు పొడిపొడిగా విరిగి, టీ చిక్కటి ఆకుపచ్చగా దిగుతుంది. తక్కువ ఆవిరిదైతే లేత పసుపుగా, తేటగా ఉంటుంది. కనక, వెళ్ళినవాళ్ళు మర్యాదకి "అబ్బ, ఎంత పచ్చగా ఉందో!" అన్నారంటే వాళ్ళ పని అయిందే. ఆ పచ్చదనం ఎక్కణ్ణుంచి వచ్చిందో పూర్తిగా తెలుసుకునేదాకా కదలనివ్వడు.

మూడోది యాత్రావృత్తాంతం. జపాను టీతోటల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే రకం యబుకిత. షిజువోకాలో సుగియామా హికోసబురో అనే రైతు 1908లో వెదురుపొదకి ఉత్తరాన ఉన్న ఒక్క మొక్కని ఏరి దాన్ని పెంచుకొచ్చాడు. ఆ తల్లిచెట్టు ఇప్పటికీ షిజువోకా నగరంలో ఉంది. ఆకుకోసం గుమ్మం దాటని రాయుడు ఒక్క దీనికోసమే ఏటా బుల్లెట్ ట్రైనెక్కి వెళ్ళి, దాని ముందు వంగి దణ్ణం పెట్టి సాయంత్రానికి వస్తాడు. ఈ ప్రయాణం సంగతి గుర్తుంచుకోండి, దీంతో తర్వాత పనుంది.

రాయుళ్ళలో శాఖాభేదాలున్నాయి. మావాడిది షిజువోకా శాఖ. పై అంతస్తులో కగోషిమా శాఖవాడొకడున్నాడు. 1959లో లెక్కలు రాయడం మొదలుపెట్టినప్పట్నుంచీ టీ ఉత్పత్తిలో మొదటిస్థానం షిజువోకాదే. 2024లో మొదటిసారి కగోషిమా దాన్ని దాటేసింది. కగోషిమా 27,000 టన్నులు, షిజువోకా 25,800. ఆ వార్త వచ్చిన రోజు మావాడు లిఫ్టు ఎక్కలేదు. పైవాడు ఎదురుపడి "మంచి వార్త విన్నారా?" అంటాడని మెట్లమీదుగా వెళ్ళాడు. పైవాడు కూడా ఆ సంగతి ఊహించి మెట్లమీదుగానే దిగాడు.

రాయుడి అసలు రూపం చూడాలంటే టీకి పిలిపించుకోవాలి. పిలుపు రెండురోజుల ముందొస్తుంది. ముందురోజు రాత్రే ప్యాకెట్టు ఫ్రిజ్‌లోంచి తీసి బయటపెడతాడు, చల్లగా ఉండగానే విప్పితే ఆకు చెమ్మ పీల్చేస్తుందని. పొద్దున్నే ఫోను: "వస్తున్నారుగా? ప్యాకెట్టు బయటపెట్టేశాను." ఇక జ్వరమొచ్చినా వెళ్ళాల్సిందే.

బల్లమీద సామగ్రి ఉంటుంది. తొకొనమెలో చేసిన ఎర్రమట్టి క్యూసు, అంటే పక్కకి పిడి ఉన్న చిన్న టీకూజా. నీళ్ళు చల్లార్చే మూతిగిన్నె, గ్రాములు తూచే కాటా, థర్మామీటరు, స్టాప్‌వాచీ. మినరల్ వాటర్ వాడడు, ఖనిజాలు ఎక్కువైతే టీ చెడుతుందంటాడు. కుళాయినీళ్ళే క్లోరిన్ వాసన పోయేదాకా మరగనిస్తాడు. అంతసేపు మరగబెట్టిన నీళ్ళని మళ్ళీ చల్లార్చడానికి అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది. ఒక గిన్నెలోంచి మరో గిన్నెలోకి ఒంపిన ప్రతిసారీ పది డిగ్రీలు తగ్గుతాయని చెబుతూ ఒంపుతాడు. డెబ్భైకి దిగగానే ఆకుమీద పోసి స్టాప్‌వాచీ నొక్కుతాడు. ఆ నిమిషం ఎవరూ మాట్లాడకూడదు. తుమ్మొచ్చినా ఆపుకోవాలి.

పొయ్యడంలోనూ శాస్త్రముంది. మూడు కప్పులుంటే ఒకటి, రెండు, మూడు అని కొంచెం కొంచెం పోసి, మూడు, రెండు, ఒకటి అని వెనక్కి రావాలి. అప్పుడే అన్నింట్లోనూ ఒకే చిక్కదనం. ఆఖరిబొట్టు కూజాలో మిగలకూడదు. రుచంతా దాన్లోనే ఉందట, పైగా మిగిలిన నీరు ఆకులో నానితే రెండోవిడత చేదెక్కుతుందట. ఆ బొట్టు రాలేదాకా రాయుడు చెయ్యి గాల్లో అలాగే ఉంటుంది. మన చేతులు ఒళ్ళో అలాగే ఉంటాయి.

ఒకసారి ఉద్యోగానికి కొత్తగా దిగిన గుంటూరబ్బాయిని వెంటబెట్టుకెళ్ళాను. ఇంత తతంగం తర్వాత ముందుకొచ్చిన కప్పులోకి తొంగిచూసి, "ఆంటీ, ఇది శాంపిలా?" అని తెలుగులో అడిగాడు. తాగాక, ధైర్యం చేసి, జపనీసులో, కాస్త పంచదార దొరుకుతుందా అన్నాడు. రాయుడు కళ్ళు మూసుకున్నాడు. వాళ్ళావిడ ఏమీ అనకుండా ఎర్రచిక్కుళ్ళ మిఠాయి పళ్ళెం అబ్బాయి ముందుకి జరిపింది. తీపి నోట్లో ముందుండాలి, టీ వెనక రావాలి. ఆ పద్ధతి వాడికి వెంటనే పట్టుబడింది. మిఠాయిలన్నీ అయిపోయాయి.

రుచి మాట దాచకూడదు. బాగుంటుంది. మొదటివిడత నాలుకమీద చిక్కగా, కమ్మగా, దాదాపు కూరగాయల రసంలా నిలుస్తుంది. వేడి పెంచి వెంటనే ఒంపే రెండోవిడతకి సువాసన, చిన్న వగరు వస్తాయి. మూడోది దప్పికకి. ఆ తర్వాత మెత్తబడ్డ ఆకుని కూడా పారెయ్యరు, కాస్త సోయాసాసు చల్లుకుని తినేస్తారు. అప్పుడప్పుడూ కప్పులో టీకాడ ముక్కొకటి నిలువుగా తేలుతుంది. అది మహా శుభశకునం, కానీ పైకి చెబితే ఫలం పోతుంది. రాయుడు ఉపన్యాసం మధ్యలో ఠక్కున ఆపి గుటుక్కున మింగాడంటే కాడ నిలబడిందని ఇల్లంతటికీ తెలిసిపోతుంది.

రాయుడి గుండెకోత కొడుకు. ఆ అబ్బాయింట్లో టీకూజాయే లేదు. వచ్చినప్పుడల్లా చేతిలో ప్లాస్టిక్ సీసా టీ. ఇతొఎన్ కంపెనీ గ్రీన్ టీని 1985లో డబ్బాలోకి, 1990లో ప్లాస్టిక్ సీసాలోకి ఎక్కించింది. అప్పట్నుంచి దేశమంతా నడుస్తూ తాగడం నేర్చుకుంది. "నాన్నా, ఇదీ ఆకే కదా" అంటాడు కొడుకు. "శవమూ మనిషే" అంటాడు తండ్రి. ఇప్పుడు ఇంకో దెబ్బ. ప్రపంచమంతా మచ్చా పొడికోసం ఎగబడుతుంటే, ఆకుటీ చేసే తోటలు కొన్ని మచ్చాకి ముడిసరుకైన తెంచా వైపు తిరిగిపోతున్నాయి. ఆకుటీ కూజాలో కాచుకుని తాగేవాళ్ళు తగ్గితే రైతు మాత్రం ఏంచేస్తాడు? ఈ మాటొచ్చినప్పుడు మాత్రం రాయుడు ఉపన్యాసం ఇవ్వడు. ఇంకో ప్యాకెట్టు ఆర్డరు పెడతాడు.

రాయుడిలోని అసలు జబ్బు ఇక్కడే ఉంది. కొంటాడు, విప్పడు. వందగ్రాములు 2,000 యెన్‌ల ఎనభై ఎనిమిదో రాత్రి ఆకుని తగిన అతిథి వస్తేగానీ తెరవనంటాడు. గుంటూరబ్బాయి తగడు, నేనూ తగను. ఆవకాయైతే ఊరేకొద్దీ రుచి. షించా అలాకాదు, దాని గొప్పంతా ఆ పచ్చివాసనలోనే, అది వారాల్లో పోతుంది. ఆ మాటంటే ఆయన ఏకంగా షోగున్‌ని సాక్ష్యానికి పిలుస్తాడు. తొకుగావా ఇఎయాసు చివరి రోజుల్లో సున్పు కోటలో ఉండగా, కొత్త టీని జాడీల్లో పెట్టించి ఇకావా కొండలమీది చల్లటి చోట వేసవంతా దాచి, శరదృతువులో దింపించుకుని తాగేవాడు. అది నిజమే. కానీ ఇఎయాసుకి కొండుంది, రాయుడికి ఉన్నది ముల్లంగి పచ్చడి పక్కన అర.

నవంబరులో ఒక ఆదివారం ఆ ప్యాకెట్టు విప్పుతాడు. ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, "ఆరునెలలు నా చేతికింద పక్వమైన రుచి ఇది" అంటాడు. మేమంతా తలలూపుతాం.

ఇప్పుడా షిజువోకా ప్రయాణం సంగతి. ఏటా మే నెలలో ఆయన తల్లిచెట్టుకి దణ్ణం పెట్టడానికి వెళ్ళిన రోజు, వాళ్ళావిడ ఆ ప్యాకెట్టు విప్పుతుంది. కాటా లేదు, స్టాప్‌వాచీ లేదు. చుట్టుపక్కల ఆడవాళ్ళం నలుగురం, బియ్యపప్పడాలు, కబుర్లు, సాయంత్రానికి ప్యాకెట్టు ఖాళీ. అక్టోబరులో ఆ ఆకు అమ్మే కొట్టులో మిగిలిపోయిన ప్యాకెట్లు తగ్గింపు ధరకి ఇస్తారు. ఆవిడ ఒకటి కొనుక్కొచ్చి అదే అరలో అదేచోట పెట్టేస్తుంది. ఎవరి చేతికింద పక్వమైందో కొట్టువాడికి తెలుసు.

అలాగని రాయుణ్ణి తీసిపారెయ్యకండి. ఇలాంటి పిచ్చివాళ్ళు కొంటున్నారు కనకనే ఆ కొండల్లో ఇంకా కొందరు తొలి చిగురు చేత్తో కోస్తున్నారు. మే నెలలో ఎవరైనా రాయుడు పిలిస్తే వెళ్ళండి, చెప్పింది వినండి, పంచదార అడక్కండి. మీ చేతికే ఒక షించా ప్యాకెట్టు వస్తే మాత్రం రాయుడి మాట కాదు, వాళ్ళావిడ మాట వినండి: తగిన అతిథికోసం చూడకుండా, ఆ వారమే విప్పి, ఇంట్లో ఎవరుంటే వాళ్ళతో కలిసి తాగెయ్యండి.