ఏకగ్రీవంగా ఒక సంతకం

మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా జనం అదృష్టవంతులు. 2025 డిసెంబరులో తెలంగాణ పల్లెలన్నీ సర్పంచి ఎన్నికలతో ఊగిపోతుంటే మనం దుప్పటి ముసుగుతన్ని పడుకున్నాం. ఊళ్లన్నిటినీ మున్సిపాలిటీల్లో కలిపేశాక పోటీ చేయడానికి ఇక్కడ ఒక్క పంచాయతీ కూడా మిగల్లేదు మరి. సీసా లేదు, కోడి లేదు, గడప గడపకూ వచ్చి దండం పెట్టేవాడు లేడు. అయినా పదవి మీద మోజు చావనివాళ్లు దిగులుపడక్కర్లేదు. వాడకట్టు సర్కారు బడిలో ఒక కుర్చీ ఉంది. పాఠశాల యాజమాన్య కమిటీ అధ్యక్ష పీఠం. వాడుకలో ఎస్‌ఎంసీ చైర్మన్.

కాగితం మీద చూస్తే ఆ కుర్చీ ముందు సర్పంచి గిరీ దిగదుడుపే. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ఏమంటుందో వినండి. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్లు కావాలి. బడుగులకు వాటా ఉండాలి. బడి ఎలా నడుస్తోందో చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన ప్రతి పైసా ఎటు పోయిందో అడగడం వాళ్ల పని. నిబంధనల ప్రకారం హెడ్మాస్టరు సభ్య కన్వీనర్. అంటే మీటింగు పిలిచి, మినిట్స్ రాసి, తల్లిదండ్రులకు జవాబు చెప్పాల్సిన మనిషి. ఈ ముక్క ఏ స్టాఫ్ రూములో చదివినా టీ పొలమారుతుంది.

మన జిల్లాలోని శామీర్‌పేట ఈ చట్టానికి పరాయి ఊరేమీ కాదు. దేశానికి వకీళ్లను తయారుచేసే నల్సార్ ఇక్కడే ఉంది. చట్టం అమలు చేయించాల్సిన కలెక్టరేటు పక్కనే అంతాయిపల్లిలో ఉంది. సర్కారు బళ్లలో తల్లిదండ్రుల కమిటీల కోసం ఉమ్మడి రాష్ట్రం ప్రత్యేకంగా చట్టం చేసింది 1998లో. నల్సార్ పుట్టిందీ ఆ ఏడే. కవల పిల్లల్లో ఒకదానికి యాభై ఐదెకరాల చదువు అబ్బింది, రెండో దానికి వేలిముద్రే గతి అయింది.

ఇక ఎన్నిక సంగతి. మొన్నటిది 2024 జనవరి 29న జరిగింది. సోమవారం, పని దినం, పట్టపగలు. మేడ్చల్ ఫ్యాక్టరీలో షిఫ్టు చేసే తండ్రి, గేటెడ్ కమ్యూనిటీలో నాలుగిళ్లు ఊడ్చే తల్లి, అపార్టుమెంటు వాచ్‌మన్, పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ, ఒడిశా నుంచి వచ్చిన ఇటుక బట్టీ కూలీ: ఓటర్లంతా వీళ్లే. ఓటెయ్యాలంటే ఒక పూట కూలి వదులుకోవాలి. మామూలు ఎన్నికల్లో ఓటుకు నోటు ఇస్తారు. ఇక్కడ ఓటు వేసినందుకు ఓటరే ఎదురు చెల్లించుకుంటాడు. ఇంత నిజాయితీ గల ఎన్నిక ప్రపంచంలో మరెక్కడుంది?

వచ్చిన నలుగురూ చెయ్యెత్తుతారు. ఎవరి కోసం ఎత్తారో చెయ్యి దించాక తెలుస్తుంది. ‘ఏకగ్రీవం’ అని బోర్డు మీద సుద్దముక్కతో రాస్తారు. అభ్యర్థికి కావాల్సిన అర్హతలు ఏ నిబంధనల్లోనూ ఉండవు కానీ అందరికీ తెలుసు. ఇల్లు బడికి దగ్గర ఉండాలి, ఫోన్ కొడితే చెక్కు మీద సంతకానికి రావాలి, కళ్లజోడు ఇంట్లో మర్చిపోవాలి. ఆడమనిషి ఎన్నికైతే మరీ మంచిది. పేరు ఆమెది, కుర్చీ భర్తది, నిర్ణయం ఇద్దరిదీ కాదు.

ఆ తర్వాత రెండేళ్ల పాటు నడిచే ప్రజాస్వామ్యం మొత్తం ఈ నాలుగు మాటల్లో ఇమిడిపోతుంది.

“అక్కా, గీ గీత మీద సంతకం పెట్టు.”

“ఏం రాసిన్రు సారూ?”

“అంతా మంచిదే రాసినం.”

“గట్లనే.”

రెండేళ్లన్నానా? అదీ కాగితం మాటే. 2019 నవంబరులో ఎన్నికైన కమిటీలు పొడిగింపు మీద పొడిగింపుతో 2024 జనవరి దాకా సాగాయి. ఎన్నికనాడు ఒకటో తరగతిలో ముక్కు చీదుకుంటున్న పిల్లాడు ఐదో తరగతికొచ్చి గుణకారాలు మర్చిపోయేంత కాలం. శాసనసభను ఇలా ఏళ్లకేళ్లు సాగదీస్తే కోర్టులు కదులుతాయి. బడి కమిటీని సాగదీస్తే గోడ మీది బల్లి కూడా కదలదు.

ఈ కమిటీ కాపలా కాసే ఖజానా ఎంతో తెలుసా? ముప్ఫై దాటి వంద లోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష ఇచ్చే ఏడాది గ్రాంటు 25 వేల రూపాయలు. సుద్దముక్కలు, చీపుర్లు, కారే పంపు, ఊడిన తలుపు అన్నీ అందులోనే సర్దుకోవాలి. రాజీవ్ రహదారి వెంబడి ఫంక్షన్ హాల్లో ఒక పుట్టినరోజుకు పూల అలంకరణ కూడా ఆ డబ్బుతో రాదు. అందులో తినడానికేముందని ఎవరైనా అడగొచ్చు. నిజమే. లెక్క అడగడానికి మాత్రం చాలా ఉంది.

పెద్ద డబ్బు ఒక్కసారి వచ్చింది. 2022లో ‘మన ఊరు–మన బడి’ కింద 26,065 బళ్లకు 7,289 కోట్లన్నారు. మొట్టమొదటిసారి చైర్మన్లకు చేతినిండా పని దొరికింది. సిమెంటు తెచ్చారు, మేస్త్రీలను పెట్టారు, అప్పులూ చేశారు. బిల్లులు రాక ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ల గోడు రాష్ట్రమంతటా పత్రికలకెక్కింది. ప్రభుత్వం మారాక 2024లో ‘అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ’ వచ్చింది. మరుగుదొడ్లు, మంచినీళ్లు, మరమ్మతులు మహిళా సంఘాల సమాఖ్యల చేతికి వెళ్లాయి. చైర్మన్‌కు పని పోయింది, అప్పు మిగిలింది. సంతకం సరేసరి, దాన్ని ఏ ప్రభుత్వమూ ఊడబెరకదు.

ఇప్పుడు రోడ్డు దాటి అటు వెళ్దాం. అక్కడ ‘ఇంటర్నేషనల్’ బళ్లున్నాయి. లక్షల్లో ఫీజు కట్టే తల్లిదండ్రులున్నారు. పొద్దున జీనోమ్ వ్యాలీలో టీకాల లెక్కలు సరిచూసేవాళ్లు, సాయంత్రం అపార్టుమెంటు లిఫ్టు రిపేరు బిల్లు మీద మూడు గంటలు పోట్లాడేవాళ్లు. వీళ్లకు కళ్లజోళ్లున్నాయి, తీరిక ఉంది, నోరుంది. లేనిదల్లా కుర్చీ. ఎయిడ్ తీసుకోని ప్రైవేటు బడికి 21వ సెక్షన్ వర్తించదు మరి. ఫీజుల సంగతి తేల్చడానికి ప్రొఫెసర్ తిరుపతిరావు కమిటీని 2017లో వేశారు. నివేదిక వచ్చింది, ఏళ్ల తరబడి నివేదికగానే వర్ధిల్లింది. పాపం వీళ్లు వాట్సాప్ గ్రూపులో ఉద్యమం నడిపి, అడ్మిన్ మందలించగానే దండం బొమ్మ పెట్టి, గడువు లోపే ఫీజు కట్టేస్తారు.

చూశారా మన ఏర్పాటు ఎంత ముచ్చటగా ఉందో. అడిగే హక్కున్నవాడికి పూట గడవదు. పూట గడిచేవాడికి అడిగే హక్కు లేదు. ఇద్దరినీ కలపగలిగింది శామీర్‌పేట చెరువు కట్ట మీది మొక్కజొన్న పొత్తుల బండి ఒక్కటే.

మధ్యలో మన అమెరికా తమ్ముడున్నాడు. అక్కడ స్కూల్ బోర్డులకు తెలుగువాళ్లు పోటీ చేస్తున్నారు. ఆ బోర్డు సూపరింటెండెంటును నియమిస్తుంది, బడ్జెట్ పాస్ చేస్తుంది, మీటింగులో మామూలు జనాన్ని కూడా మైకు ముందు మాట్లాడనిస్తుంది. తమ్ముడు అక్కడ బస్సు రూటు మీద కూడా నిలదీస్తాడు. సంక్రాంతికి ఊరొచ్చి, చదువుకున్న బడికి బీరువా ఇచ్చి, దాని మీద నాన్న పేరు రాయించి, ఫొటో దిగి వెళ్లిపోతాడు. బీరువాలో ఏ రిజిస్టర్లున్నాయో తెరిచి చూడడు.

చూస్తే అందులో మినిట్స్ పుస్తకం కనబడేది. ఆ పుస్తకం ప్రకారం మన బళ్లన్నీ స్వర్గాలు. ప్రతి తీర్మానం ఏకగ్రీవం, ప్రతి చర్చ సుదీర్ఘం, ప్రతి సభ్యుడూ హాజరు. సంతకాలన్నీ ఒకే పెన్నుతో, ఒకే రోజు, ఒకే టీ తాగే లోపు పడ్డట్టుంటాయి.

కొత్త జీవో రావాలి, కొత్త కమిటీ రావాలి, దానికి ఇంకో అందమైన పేరు రావాలి అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నాకు అంత ఆశ లేదు. వచ్చే ఎన్నికల్లో పూట కూలి పోగొట్టుకుని వచ్చిన ఏ అక్కో గెలిచి, ఆ పుస్తకం ముందుకు జరిపినప్పుడు పెన్ను అందుకోకుండా కుర్చీ లాక్కుని కూర్చుంటే చాలు. పక్కనున్న ఏడో తరగతి బిడ్డను పిలిచి ఒక్క మాట అంటే చాలు.

“జర ఆగు సారూ. నా బిడ్డ చదువుతది, ఇని పెడత.”