నడవకపోవడమే ఘనత

‘కొత్తదానిలా ఉంది, పెద్దగా తిరగలేదు’ అనేది పాత స్పోర్ట్స్ కార్ల ప్రకటనల్లో ఎప్పుడూ ఉన్న మాటే. ఈమధ్య ఆ ఒక్క మాటే మొత్తం ప్రకటన అయింది. గంటకు మూడొందల కిలోమీటర్లు పోగల యంత్రం అసలు పోనే లేదన్నది దాని గొప్ప. ఈ కొత్త శాస్త్రం ప్రకారం ఉత్తమ యజమాని అంటే కారు కొని, గుడ్డ కప్పి, తాళంచెవి పోగొట్టుకున్నవాడు.

ఈ శాస్త్రానికి ఆదర్శం 1995 నాటి ఒక మెక్‌లారెన్ ఎఫ్1. గోర్డన్ ముర్రే రూపకల్పన చేసిన ఆ మోడల్ కార్లు మొత్తం 106 మాత్రమే తయారయ్యాయి. 1998లో ఒకటి గంటకు 386 కిలోమీటర్ల వేగం అందుకుంది. ఈ 1995 కారు మాత్రం పాతికేళ్లు దాటినా నాలుగొందల కిలోమీటర్లు కూడా తిరగలేదు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి, తిరిగొస్తూ సూర్యాపేట చేరేసరికి ఆ లెక్క సరి. 2021 ఆగస్టులో కాలిఫోర్నియా వేలంలో అది రెండు కోట్ల డాలర్ల పైచిలుకు పలికింది.

ప్రకటనల్లోని గొప్పలన్నిటిలోకీ విడ్డూరం ‘కంపెనీ వేసిన టైర్లే ఉన్నాయి’ అన్నది. టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలు అచ్చయి ఉంటాయి. 3404 అంటే 2004లో 34వ వారం పుట్టిందని. తిరిగినా తిరగకపోయినా రబ్బరు గట్టిపడుతుంది, రోడ్డు మీద పట్టు పోతుంది. గాడులు మాత్రం కొత్తగానే ఉంటాయి. ప్రకటనలో ఫొటో వాటిదే.

ఏళ్ల తరబడి ఒకేచోట నిలబెట్టిన బండికి టైరు నేలకు ఆనినచోట చదునుపడుతుంది. ఎలా ఉన్నా పదేళ్లకు తీసెయ్యమని టైర్ల కంపెనీలే చెబుతాయి. ఆవకాయ జాడీ అయినా రెండో ఏడు వాసన చూశాకే వడ్డిస్తారు. ఇరవయ్యేళ్ల రబ్బరుకు మాత్రం అదనపు ధర!

ఇందులో నవ్వుకోవడానికేమీ లేదు. 2013 నవంబరు 30న కాలిఫోర్నియాలో పోర్షే కరేరా జీటీ అదుపు తప్పి నటుడు పాల్ వాకర్, కారు నడుపుతున్న ఆయన మిత్రుడు చనిపోయారు. అతివేగమే కారణమని దర్యాప్తు తేల్చింది. టైర్లు తొమ్మిదేళ్ల నాటివని, దానివల్ల కూడా అదుపు తగ్గి ఉండొచ్చని చెప్పింది. ఇంత తెలిసీ పాత టైర్లను నగల్లా చూపించి అమ్మడం మోసం, పచ్చి మోసం. కొత్తవి వేసి, అంత ముచ్చటైతే పాతవి విడిగా ఇవ్వొచ్చు. ధర పడిపోతుందన్న కక్కుర్తి తప్ప అడ్డేముంది?

సీట్ల మీద ఊడదీయని ప్లాస్టిక్, వాన చినుకు ఎరగని బాడీ: ఇవి ఎవరికీ హాని లేని పిచ్చి. ఇంజను సంగతి వేరు. సీళ్లు ఎండి ఆయిలు కారుతుంది, ట్యాంకులో పెట్రోలు జిగురవుతుంది, బ్రేక్ ఆయిల్‌కు చెమ్మ పడుతుంది. ఎఫ్1లో పెట్రోలు నింపే సంచిని అయిదేళ్లకోసారి మార్చాల్సిందే. ఇంజను దించితేగానీ ఆ పని కాదు.

నడిపితే ధర చస్తుందన్నదీ ఉత్తమాటే. మిస్టర్ బీన్ పాత్రధారి రోవన్ అట్కిన్సన్ తన ఎఫ్1ను 41 వేల మైళ్లు తిప్పాడు. 2011లో చెట్టుకు గుద్దాడు. తొమ్మిది లక్షల పౌన్ల బీమా సొమ్ముతో బాగుచేయించి, మళ్లీ నడిపి, 2015లో దాదాపు 80 లక్షల పౌన్లకు అమ్మాడు.

హైదరాబాద్ సెకండ్ హ్యాండ్ బజారులో ఈ జబ్బుకు ‘డాక్టరుగారి బండి, ఆదివారాలే తీసేవారు’ అని పేరు. తక్కువ కిలోమీటర్లకు గిరాకీ ఉన్నచోట మీటరు వెనక్కి తిప్పేవాడికీ గిరాకీయే. అందుకని మీటరు అంకెను సర్వీసు బిల్లులతో సరిచూడాలి, స్టీరింగు తోలు, పెడల్ రబ్బరు వంగి చూడాలి. 12 వేల కిలోమీటర్ల కారుకు ఆ రబ్బరు నున్నగా అరిగి ఉంటే, డాక్టరుగారికి వారానికి ఏడు ఆదివారాలన్నమాట.